పాత కుట్టు మిషన్లు: గుర్తింపు, పునరుద్ధరణ, సంరక్షణ

సరిహద్దు గ్రామాలలోని తెలుగు ఇళ్ళలో వసారా మూలనో, గాదె పక్కనో ఒక పాత కుట్టు మిషను కనిపించడం అరుదైన విషయం కాదు. నల్లని ఒళ్ళు, వెలిసిన బంగారు రంగు లతలు, బెల్టు తెగిన చక్రం, పైన కప్పిన పాత చీర ముక్క. ఒకప్పుడు ఆ ఇంటి పిల్లల లాగూలు, పరికిణీలు, పండుగ బట్టలు దాని మీదనే తయారయ్యాయి. ఇంటి పెద్దదిక్కు పోయినప్పుడు ఆ మిషను ఆధారంగానే సంసారాన్ని ఈదుకొచ్చిన ఇల్లాండ్రు ఎందరో ఉన్నారు. నేడది తిరగదు. తిరగని మిషను కోసం ఇంటి ముందుకు రెండు రకాల మనుషులు వస్తారు. ఒకరు తూకానికి ఇనుము కొనేవారు. రెండవవారు అందులో ఏదో అమూల్యమైన పదార్థం దాగి ఉన్నదని ఆశ పెట్టేవారు. ఈ ఇద్దరికీ సరైన సమాధానం చెప్పాలంటే తమ ఇంట ఉన్నది ఏ మిషనో, అది నిజంగా చెడిపోయినదో కాదో ఇంటివారికి ముందుగా తెలియాలి.

బిగుసుకుపోయిన పాత మిషన్లలో చాలా వాటికి జబ్బు మూడే: ఎండి బంకగా మారిన నూనె, షటిల్ గూటిలో చిక్కుకున్న దారం, వంగిన సూది. పోత ఇనుముతో, ఉక్కుతో చేసిన ఆ యంత్రాలు సరైన శుభ్రతతో తిరిగి ఒక తరం పాటు కుట్టగలవు.

పుట్టుక

ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో గొలుసు కుట్టు వేసే యంత్రానికి పేటెంటు పొందాడు. సైనికుల దుస్తులు కుట్టడానికి పారిస్‌లో నెలకొల్పిన అతని కార్ఖానాపై, జీవనోపాధి పోతుందని భయపడిన దర్జీలు 1831లో దాడి చేసి యంత్రాలను ధ్వంసం చేశారు. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో రెండు దారాల కుట్టుకు పేటెంటు తీసుకున్నాడు. మొనలోనే కన్ను ఉన్న సూది పైదారాన్ని బట్టలోంచి కిందికి దింపుతుంది. ఆ దారం ఉంగరంలా విచ్చుకున్నప్పుడు షటిల్ అందులోంచి అడుగు దారాన్ని నడుపుతుంది. నేటి ఇంటి మిషన్లకు కూడా ఇదే మూలసూత్రం.

ఐజాక్ మెరిట్ సింగర్ 1851లో పొందిన పేటెంటుతో నిలువుగా దిగే సూది, బట్టను అదిమిపట్టే పాదం ఒకే యంత్రంలో కుదిరాయి. అతని భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856 నుండి వాయిదాల పద్ధతిలో అమ్మకం ప్రవేశపెట్టాడు. కొద్ది మొత్తం ముందుగా చెల్లించి, మిగిలినది నెలనెలా కట్టే ఈ ఏర్పాటు వల్లనే మధ్యతరగతి ఇంటికి మిషను చేరింది.

స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ వద్ద, కిల్‌బోవీ అనే చోట, సింగర్ సంస్థ నిర్మించిన కర్మాగారం 1885లో పని ప్రారంభించి 1980లో మూతపడింది. 1913లో ఆ ఒక్క కర్మాగారం నుండే 13 లక్షలకు పైగా మిషన్లు బయటకు వెళ్ళాయి. పాత సింగర్ మిషను ఉన్నవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. అంత పెద్ద సంఖ్యలో తయారైన వస్తువు నూరేళ్ళ నాటిదైనంత మాత్రాన అపురూపమైనది కాజాలదు.

భారతదేశంలో

పంతొమ్మిదవ శతాబ్దపు చివరి పాదంలో సింగర్ మిషన్లు భారతదేశపు బజార్లకు చేరాయి. దర్జీల దుకాణాలలో మొదట, ఆపై సంపన్నుల ఇళ్ళలో అవి స్థిరపడ్డాయి. యంత్రాల వ్యామోహాన్ని వ్యతిరేకించిన గాంధీజీ సైతం 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనును మినహాయింపుగా పేర్కొన్నారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమను తగ్గించాలనే ప్రేమ నుండి పుట్టిన యంత్రమని ఆయన దానిని మెచ్చుకున్నారు.

1930లలో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ సంస్థ దేశీయంగా మిషన్ల తయారీకి పూనుకుంది. 'ఉషా' పేరు ఇంటింటికీ పరిచయమైనది ఆ విధంగానే. పంజాబులోని లూధియానా పట్టణం మిషన్లకు, విడిభాగాలకు పెద్ద కేంద్రంగా ఎదిగింది. సింగర్ మిషన్లు మన దేశంలో 'మెరిట్' పేరుతో కూడా అమ్ముడయ్యాయి. అది సింగర్ పూర్తి పేరులోని నడిమి మాట. దేశంలో తయారైన నల్లని ఇంటి మిషన్లలో చాలావాటి నిర్మాణం సింగర్ 15వ నమూనాను అనుసరించినదే. పాత మిషన్లను నిలబెట్టుకోదలచినవారికి ఇది గొప్ప సౌకర్యం. అనేక భాగాలు నేటికీ చిన్న పట్టణాలలో సైతం లభిస్తున్నాయి.

గుర్తించే విధానం

పేరు చూసి మిషనును నిర్ణయించడం తగదు. పేరు చెరిగిపోవచ్చు, మళ్ళీ అతికించినది కావచ్చు. స్టాండు ఒక కంపెనీది, పైనున్న తల మరొక కంపెనీది కావడం కూడా కద్దు. కాలితో తొక్కేదా, చేతితో తిప్పేదా అన్నది నమూనాను తెలుపదు. ఒకే తలను రెండు విధాలా అమర్చవచ్చు. నమ్మదగిన ఆనవాళ్ళు షటిల్, సంఖ్య.

షటిల్: సూది కింద ఉన్న పలకను జరిపి చూడాలి.

పడవ ఆకారపు షటిల్ సరళరేఖలో ఒక కొన నుండి మరో కొనకు పరుగెడుతుంటే అది చాలా పాత తరానికి చెందినది. సింగర్ 12వ నమూనా ఈ కోవలోనిది. 1865లో వచ్చిన ఆ మిషను అడుగు భాగం ఫిడేలు ఆకారంలో నడుమున సన్నగా ఉంటుంది.

తుపాకీ గుండు ఆకారపు పొడవాటి షటిల్, అందులో సన్నని పొడుగు బాబిన్ ఉండి, అది వంపుగా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే 27, 28, 127, 128 నమూనాలలో ఒకటి కావచ్చు. వీటిలో 28, 128 పరిమాణంలో చిన్నవి. కొన్ని 27, 127 మిషన్ల మీద ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మ, అనగా సింహపు ఒడలు, మనిషి ముఖం గల ఆకృతి, బంగారు రంగులో కనిపిస్తుంది.

గుండ్రని బాబిన్ ఒక కేసులో ఇమిడి, ఎడమ ప్రక్క నుండి గూటిలోకి వెళ్తుంటే 15వ తరగతి మిషను. ఉషా మొదలైన దేశీయ నల్ల మిషన్లలో చాలావరకు ఇవే. ఇందులో పైదారపు బిగువును సరిచేసే స్క్రూ ఎడమ చివర, ముఖపు పలక మీద ఉంటుంది.

గుండ్రని బాబిన్ పై నుండి, పాదానికి ఎదురుగా పడుకోబెట్టినట్లు అమరితే 66వ నమూనా, లేదా దాని చిన్న రూపమైన 99. 66 బాబిన్, 15 బాబిన్ చూపుకు దగ్గరగా ఉన్నా ఒకటి కావు. 15 బాబిన్ అంచులు చదునుగాను, 66 బాబిన్ అంచులు కొద్దిగా ఉబ్బుగాను ఉంటాయి. ఒకదానికి బదులు మరొకటి వాడితే కుట్టు తప్పుతుంది.

బాబిన్ అనేదే లేకుండా ఒకే దారంతో కుట్టేది గొలుసు కుట్టు మిషను. దాని కుట్టు చివరను లాగితే వరుసంతా ఊడివస్తుంది.

ఇంటి మిషన్లు కాక 31వ తరగతి మిషన్లు దర్జీల దుకాణాలకు, 29వ తరగతి మిషన్లు చెప్పులు, తోలు పని చేసేవారికి ఉద్దేశించినవి. సన్నని పొడవైన చేయి, ఏ దిక్కుకైనా తిరిగే పాదం 29వ తరగతికి గుర్తు.

సంఖ్య: సింగర్ మిషన్లకు సాధారణంగా కుడిప్రక్క, స్తంభం మొదట్లో, పీఠం మీద వరుస సంఖ్య చెక్కి ఉంటుంది. మురికి కింద కనబడకపోతే నూనెలో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవాలి. ముందు అక్షరం లేకుండా అంకెలు మాత్రమే ఉంటే సామాన్యంగా 1900కు ముందుది. ఇంగ్లీషు అక్షరం ఉంటే అటు తరువాతిది. ఎఫ్, పి, ఎస్, వి, వై వంటి ఒంటి అక్షరాలు క్లైడ్‌బ్యాంక్‌కు, జి అక్షరం అమెరికాలోని ఎలిజబెత్‌పోర్ట్‌కు, సి అక్షరం జర్మనీలోని విట్టెన్‌బెర్గెకు చెందుతాయి. రెండు అక్షరాలు ఉండి, మొదటిది ఈ అయితే క్లైడ్‌బ్యాంక్, ఏ అయితే ఎలిజబెత్‌పోర్ట్. నమూనా సంఖ్య పక్కన 15కె, 66కె అన్నట్లు కె అక్షరం ఉంటే అది కిల్‌బోవీ కర్మాగారపు గుర్తు. సంఖ్యల పట్టికలలో కనిపించే సంవత్సరం ఆ సంఖ్యల వరుసను కర్మాగారానికి కేటాయించిన కాలాన్ని తెలుపుతుంది. మిషను విక్రయమైన సంవత్సరం అంతకు కొంత తరువాతిది కావచ్చు.

పొరపాటుకు తావిచ్చే గుర్తులు: కొన్ని సింగర్ మిషన్ల బిళ్ళ మీద 1851-1951 అని ఉంటుంది. దానిని చూసి తమ మిషను 1851 నాటిదని భావించేవారున్నారు. అది సంస్థ శతవార్షికోత్సవపు బిళ్ళ మాత్రమే. ఆ మిషను 1951 ప్రాంతానిది. పలక మీద చెక్కిన పేటెంటు తేదీలు కూడా తయారీ తేదీలు కావు. 'సిమాంకో' అనే ముద్ర సింగర్ తయారీ సంస్థ పేరుకు సంక్షిప్త రూపం. దాని వెంట ఉండే అంకె ఆ ఒక్క విడిభాగపు సంఖ్యే తప్ప మిషను సంఖ్య కాదు.

'ఎర్ర పాదరసం' వదంతి

2009 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలో ఒక వింత జరిగింది. పాత సింగర్ మిషన్లలో 'ఎర్ర పాదరసం' అనే పదార్థం ఉన్నదని, దానితో నిధులు కనుగొనవచ్చునని, అణ్వాయుధాలలో సైతం వాడవచ్చునని పుకారు పుట్టింది. సెల్‌ఫోనును మిషను దగ్గరకు తెచ్చినప్పుడు లైను తెగిపోతే ఆ పదార్థం ఉన్నట్లేనని నమ్మబలికారు. మామూలు మిషన్ల ధర అకస్మాత్తుగా ఆకాశానికి ఎగసింది. దొంగతనాలు జరిగాయి, పోలీసులు విచారణకు దిగవలసి వచ్చింది.

చెప్పుకున్న గుణాలు గల 'ఎర్ర పాదరసం' అనే పదార్థం ఎక్కడా లేదు. కుట్టు మిషనులో ఉండేవి పోత ఇనుము, ఉక్కు, కొద్దిగా ఇత్తడి, నికెల్ పూత, రంగు, కొయ్య. ఇంతకు మించి ఏమీ లేదు. ఇటువంటి కథతో ఎవరైనా ఇంటికి వచ్చి, పెద్ద ధర ఆశ చూపి, 'పరీక్ష రుసుము' అనో 'బయానా' అనో తిరిగి ఇంటివారి వద్దనే డబ్బు అడిగితే అది మోసమని గ్రహించాలి. లోపల పదార్థం వెదకడానికి మిషనును పగలగొట్టనిస్తే మిగిలేది ఇనుప ముక్కలే.

బాగుచేసే క్రమం

1. మొదట ఫొటోలు: ఏ భాగమైనా విప్పేముందు నాలుగు వైపుల నుండి ఫొటో తీసుకోవాలి. విప్పిన స్క్రూలను విప్పిన వరుసలోనే ఒక పళ్ళెంలో పెట్టుకోవాలి.

2. తలను దింపడం: స్టాండు మీది మిషన్ల తల సాధారణంగా పది కిలోలకు మించి బరువుంటుంది. వెనుక రెండు కీళ్ళ స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడకుండా తలను వెనక్కు వాల్చరాదు. కీలు జారితే తల కింద పడి పగులుతుంది. పోత ఇనుము పగులును అతికించడం కష్టం.

3. బలప్రయోగం వద్దు: చక్రం తిరగకపోతే బలవంతం చేయరాదు. ముందుగా సూది, బాబిన్ కేసు తీసివేయాలి. షటిల్ గూటిలోని దారపు ముక్కలను చిన్న పట్టకారుతో ఏరాలి. 15వ తరగతి మిషనులో గూటి ముందరి రెండు గొళ్ళాలను పక్కకు తిప్పితే కట్టు ఊడి, షటిల్ చేతికి వస్తుంది. లోపల ఒక్క దారపు పోగు ఇరుక్కున్నా మిషను మొత్తం బిగుసుకుపోవచ్చు.

4. ఎండిన నూనెను కరిగించడం: లోపలి ఇనుప కీళ్ళకు, నూనె రంధ్రాలకు మాత్రమే కొద్ది చుక్కల కిరసనాయిలు వేసి ఒక రాత్రి ఉంచాలి. మరునాడు చక్రాన్ని కూర్చున్నవారి వైపుకు మెల్లగా కదిలించాలి. కొంచెం కదిలినా శుభసూచకమే. మళ్ళీ చుక్కలు వేసి ఓపికగా కదిలిస్తూ పోవాలి. ఈ పని పొయ్యికి, దీపానికి దూరంగా, ఆరుబయట చేయాలి. కదలిక వచ్చిన తరువాత కిరసనాయిలును పూర్తిగా తుడిచివేయాలి. అది మురికిని కరిగించేదే గాని, అరుగుదలను ఆపే నూనె కాదు.

5. నూనె వేయడం: మిషను నూనె మాత్రమే వాడాలి. కొబ్బరి నూనె, ఆముదం, వేరుశనగ నూనె వాడితే కొన్నాళ్ళకు గట్టిపడి బంకగా మారుతాయి. అనేక మిషన్లు మూలకు చేరడానికి కారణం ఇదే. ప్రతి రంధ్రానికి ఒకటి రెండు చుక్కలు చాలు. తల కింద కదిలే కీళ్ళను, కాలి పెడల్ ఇరుసులను, పెడల్ నుండి పెద్ద చక్రానికి వెళ్ళే కడ్డీ కీళ్ళను మరువరాదు.

6. చక్రపు బిరడా: చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే, లేదా బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు సూది ఆగకపోతే, చక్రం నడుమ ఉండే బిరడాను విప్పి చూడాలి. దాని వెనుక చెవులు గల ఒక బిళ్ళ ఉంటుంది. విప్పి శుభ్రం చేసినప్పుడు దానిని తిరగేసి పెట్టడం తరచు జరిగే పొరపాటు. సరైన వైపున పెట్టినా పట్టు కుదరకపోతే బిళ్ళను కొద్దిగా తిప్పి మరల బిగించాలి.

7. కొత్త సూది: పాత సూదిని నమ్మరాదు. గుండ్రని బాబిన్ గల ఇంటి మిషన్లలో చాలా వాటికి బజారులో దొరికే హెచ్‌ఏ×1 సూది సరిపోతుంది. మామూలు నూలు బట్టకు 14, మందపాటి బట్టకు 16, జీన్స్ వంటివాటికి 18 నంబరు వాడతారు. సూదికి ఒక వైపు పొడవైన గాడి ఉంటుంది. దారం ఆ గాడి వైపు నుండే కన్నులోకి ఎక్కాలి. సూది తిరగబడితే కుట్టే పడదు. 12వ నమూనాకు, తోలు పని మిషన్లకు సూదులు వేరు. వాటికి పాత సూదిని మాదిరిగా చూపించి కొనాలి.

8. బెల్టు: తోలు బెల్టు సాగితే కొంత కత్తిరించి తీగ కొక్కెంతో మళ్ళీ కలపవచ్చు. చక్రం జారకుండా ఉండేంత బిగువు చాలు. అతిగా బిగిస్తే తొక్కడం బరువవుతుంది.

9. కుట్టు పరీక్ష: పాదం పైకెత్తి ఉంచి పైదారం ఎక్కించాలి. అప్పుడే దారం బిగువు బిళ్ళల నడుమ కూర్చుంటుంది. బట్ట అడుగున దారం ఉంగరాలుగా వేలాడితే లోపం పైదారపు బిగువులో ఉంటుంది. ముందుగా బిళ్ళల నడుమ పేరుకున్న నూగు తీయాలి, ఆ తరువాతే స్క్రూ తిప్పాలి. పైదారం గీత గీసినట్లు నిటారుగా పడి, అడుగు దారం పైకి లాగబడితే పైబిగువు ఎక్కువైనట్లు. బట్ట లేకుండా దారంతో మిషనును తొక్కరాదు. దారం గూటిలో చుట్టుకుపోతుంది.

మోటారు అమర్చిన పాత మిషన్ల తీగల పైపొర ఎండి పెళుసై ఉంటుంది. వాటిని ఎలక్ట్రీషియనుకు చూపించి తీగలు మార్పించనిదే ప్లగ్గులో పెట్టరాదు.

చేయకూడనివి

పాత నల్లపూత మీది బంగారు రంగు చిత్రాలు పలుచని అంటింపులు. వాటిపై లక్క పూత ఉంటుంది. స్పిరిటు, థిన్నరు ఆ లక్కను కరిగిస్తాయి. సబ్బు నీరు, ఘాటైన శుభ్రపరిచే ద్రవాలు బంగారు రంగును వెలవెలబోయేట్లు చేస్తాయి. ఒళ్ళు తుడవడానికి మెత్తని నూలు గుడ్డ, రెండు చుక్కల మిషను నూనె చాలు. దానినైనా ముందుగా కనబడని చోట పరీక్షించాలి. తుప్పును నూనెతో తడిపిన సన్నని ఉక్కు పీచుతో తీయవచ్చు. అదీ రంగు లేని ఉక్కు భాగాల మీద మాత్రమే.

అన్నింటికన్నా పెద్ద పొరపాటు కొత్త రంగు వేయించడం. మెరుగుపెట్టిన మిషను కంటికి నిండుగా కనిపించవచ్చు. కాని పాత చిత్రాలు, ఒక్కొక్కసారి చెక్కిన సంఖ్య కూడా ఆ రంగు కింద మాయమవుతాయి. సేకరణకర్తలు వెలిసిపోయిన అసలు పూతకే ఎక్కువ విలువ ఇస్తారు.

విడిభాగాల కోసం

సరిహద్దు గ్రామాల వారికి దగ్గరి బజారు తరచు పొరుగు భాష మాట్లాడే పట్టణంలో ఉంటుంది. కుట్టు మిషనును కన్నడంలో హొలిగె యంత్ర అని, తమిళంలో తైయల్ మిషిన్ అని, మరాఠీలో శిలాయి మశీన్ అని, ఒడియాలో సిలేయి మెసిన్ అని అంటారు. బాబిన్, షటిల్, బెల్టు అనే మాటలు అన్నిచోట్లా చెల్లుతాయి. మాటల కన్నా మాదిరి మేలు. అరిగిన భాగాన్ని వెంట తీసుకువెళ్ళి, సరిపోల్చి కొనాలి. 15వ తరగతి బాబిన్లు, బాబిన్ కేసులు, బెల్టులు సులువుగా దొరుకుతాయి. పొడుగు షటిల్ మిషన్ల భాగాలు దొరకడం కష్టం కనుక వాటి షటిల్, బాబిన్లను ఒక డబ్బాలో జాగ్రత్త చేయాలి. షటిల్ పోయిన మిషను అలంకారానికే పరిమితమవుతుంది.

సేకరణ, దాచవలసిన వివరాలు

సేకరణకై మిషను కొనదలచినవారు నాలుగు విషయాలు చూడాలి. చక్రం తిరుగుతున్నదా, షటిల్ ఉన్నదా, పగుళ్ళు లేవా, అసలు చిత్రాలు ఎంతవరకు నిలిచాయి. స్టాండు కొయ్యకు చెదలు ఉంటే ఇతర సామానుకు దూరంగా ఉంచి ముందు దానికి మందు చేయాలి. మిషనుతో వచ్చిన పాదాలు, మడత కుట్టే పనిముట్లు, సూచనల పుస్తకం, కొన్ననాటి రసీదు, వాయిదా చీటీ వంటివి చిత్తు కాగితాలు కావు. ఒకే నమూనా మిషన్లు లక్షల్లో ఉండగా, ఒకదానిని మరొకదాని నుండి వేరు చేసేవి అవే.

కర్మాగారం పుట్టుపూర్వోత్తరాలు సంఖ్యను బట్టి తెలుస్తాయి. ఎవరు కొన్నారు, ఏ ఊరి బజారులో కొన్నారు, ఏ ధాన్యం అమ్మిన డబ్బుతో, ఎవరి పెళ్ళికి అన్నది ఏ పట్టికలోనూ దొరకదు. మిషను మీద కూర్చున్న అమ్మమ్మో, నాయనమ్మో ఉండగానే ఆ వివరాలు అడిగి ఒక కాగితం మీద రాయాలి. దానిని స్టాండు సొరుగులో పదిలపరచాలి. ఇనుము కొనేవాడు తూకం వేయలేనిది, పుకారు పుట్టించేవాడు వెల కట్టలేనిది ఆ కాగితమే. నూనె వేసి తొక్కినప్పుడు పాత మిషను మొదటి కుట్టు వరుసగా పడితే, ఆ కాగితానికి మరొక తరం పేరు చేర్చుకోవచ్చు.